ముక్కుగారి నాలుగు మూతలు

పోయిన వారం మీరు మా ఇంట్లోంచి వెళ్ళేసరికి నేను వంటింటి సింకు కింద తల దూర్చి మోకాళ్ళ మీద ఉన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. మీకు వారం గడిచింది కానీ, సింకు కింద ఉన్న మనిషికి అర నిమిషం కూడా గడవలేదు. బాల్కనీలోంచి మామయ్య, "అమ్మాయ్, ఆ నీలం సీసా ఒకసారి ఇలా పట్రా," అని పిలిచింది ఇప్పుడే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా మామయ్య ముప్ఫై నాలుగేళ్ళు సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేశారు. అక్కడ అందరూ ఆయన్ని ముక్కుగారు అనేవారు, ఎదురుగా కూడా. ఊళ్ళో సగం ఇళ్ళల్లో నేల తుడిచే నిమ్మవాసన లిక్విడ్ ఆయన ముక్కు కన్న బిడ్డ. ఆయన రిటైరై ఐదేళ్ళయినా ఆ బిడ్డ మా ఇంట్లోనే ఉంటోంది. నేలకి అదే, గిన్నెలకి దాని చెల్లెలు, బాత్రూముకి దాని అన్నయ్య. రోజూ పొద్దున బకెట్లో ఎంత పొయ్యాలో అంతా మామయ్యే పోస్తారు. ఆ నీళ్ళలో చేతులు పెట్టేది మాత్రం అత్తయ్య. నేను తుడుస్తానంటే, "నువ్వు తుడిస్తే మూలలు ఏడుస్తాయి," అంటుంది. కొలత ఆయనది, తుడుపు ఆవిడది. వాళ్ళ కాపురంలో పంపకాలు ఇలాగే జరిగాయి.

ఈమధ్య అత్తయ్య వేళ్ళు పగిలి, దిండుగలీబు కుట్టుకోవడానికి సూదిలో దారం కూడా ఎక్కించలేని పరిస్థితి వచ్చింది. డాక్టరమ్మ చూసి, "ఘాటు సరుకంతా మానెయ్యండి. మొక్కల నూనెతో చేసిన సాదా సబ్బు వాడండి, వాసనా రంగూ లేనిది," అంది. మామయ్య ఆ మాట విని, "నా ఇంట్లోకి నా లిక్విడ్ కాక ఇంకోటి వస్తే నేను బయటికి పోతాను," అన్నారు. ఎవర్ని వదులుకోవాలో తేలక నేను మూడో దారి పట్టాను. కొబ్బరినూనె సబ్బు తురిమి, వేణ్ణీళ్ళలో కరిగించి, ఆయన పాత సీసాల్లోనే నింపి పెట్టాను. మొదటిసారి వెనిగర్ కూడా కలిపితే మంచిదని ఎక్కడో చదివి కలిపాను. అది పాలు విరిగినట్టు విరిగింది. ఆ సంగతి నాకూ, బాత్రూము గొట్టానికీ తప్ప మూడో కంటివాడికి తెలీదు. రెండోసారి కుదిరింది.

అలా పదకొండు రోజులు. రోజూ పొద్దున మామయ్య మూత తీసి, సీసాని ముక్కు దగ్గర అటూ ఇటూ ఆడించి, "ఆహా, నిమ్మతోటలో నిలబడ్డట్టుంది," అనేవారు. నేను తలుపు చాటున నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేదాన్ని. తొమ్మిదో రోజున అత్తయ్య సూదిలో దారం తనే ఎక్కించుకుంది. నన్ను నేను మెచ్చుకుని, రెండు బిస్కెట్లు అదనంగా తిన్నాను.

ఇక సింకు కిందినుంచి బయటికొస్తున్నాను. నీలం సీసా నా చేతిలో ఉంది.

మామయ్య బాల్కనీలో చొక్కా చేతులు మడిచి, బకెట్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. 

"రా అమ్మాయ్. ఇవాళ నీకు కొలత నేర్పుతా. సోమవారం పొద్దున్నే నేను ఫ్యాక్టరీకి పోవాలి, ఆ రోజు నువ్వే పొయ్యాలి."

సోమవారం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీవాళ్ళు కొత్త సరుకు తీస్తున్నారు. అదీ మొక్కల నూనెల సరుకే. "వాళ్ళకీ ఈ ఆకుల పిచ్చి పట్టింది," అని మామయ్య నాలుగు రోజులు తిట్టారు. కానీ ముక్కుగారు వాసన చూసి ‘ఊ’ అంటే తప్ప అక్కడ ఏ సీసామీదా లేబుల్ పడదు. ఆ ఆనవాయితీ ఆయన రిటైరయ్యాక కూడా పోలేదు. అందుకని తిడుతూనే మంచి చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు.

"కొలత సీసా మీదే రాసుంది కదండీ మామయ్యా," అన్నాను, సీసా ఇవ్వకుండా వీలైనంత సేపు సాగదీస్తూ. "ఒక బకెట్‌కి ఒక మూత."

"అది జనానికి. మనకి నాలుగు."

సీసా అందుకున్నారు. మూత తీశారు. ముక్కు దగ్గర ఆడించారు. "ఆహా," అన్నారు. తర్వాత వంచారు.

ఇక్కడ సాదా సబ్బునీళ్ళ గుణం ఒకటి చెప్పాలి. చల్లబడితే గడ్డ కడతాయి. రోజూ ఆయన లేచేలోపల నేను సీసాని వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరిగించేదాన్ని. కరిగితే అచ్చం ఆయన లిక్విడ్‌లాగే పల్చగా, లేత పసుపుగా ఉండేది. ఇవాళ మా ఆయన ఆఫీసుకి వెళ్తూ ఎడమకాలి సాక్సు కోసం ఇల్లంతా తిరగేయించారు. ఆ హడావుడిలో సీసా సంగతి మర్చిపోయాను.

సీసాలోంచి ఏమీ రాలేదు. మామయ్య ఇంకాస్త వంచారు. అడుగున రెండు తట్లు తట్టారు. లోపల ఏదో గుడగుడమంది, ఆ తర్వాత అరచేతంత తెల్లటి ముద్ద ఒక్కటి ధబ్బున బకెట్లోకి దూకింది. నీళ్ళు ఎగిరి ఆయన కళ్ళజోడు మీద పడ్డాయి.

మామయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, బకెట్లోకి చూశారు. ముద్ద నింపాదిగా తేలుతోంది.

"ఇదేంటి?"

"సబ్బండి."

"ఏం సబ్బు?"

"కొబ్బరినూనె సబ్బండి. తురిమి, వేణ్ణీళ్ళలో..."

"నా లిక్విడ్ ఏదీ?"

"స్టోర్ గదిలో సూట్‌కేసులో ఉందండి. ఒక్క చుక్క పారబొయ్యలేదు."

"సూట్‌కేసులోనా? దాన్ని ఏ ఊరు పంపిద్దామని?"

నవ్వు వచ్చింది. ఆయన నవ్వకపోవడంతో మింగేశాను.

"ఎన్నాళ్ళయింది?"

"ఇవాళ్టికి పదకొండు రోజులు."

ఈ ఘడియ కోసం నేను పదకొండు రోజులుగా ఒక డైలాగు దాచుకున్నాను. గిన్నెలు తోముతూ సాన పెట్టాను, బట్టలు ఆరేస్తూ మెరుగు పెట్టాను. ఇప్పుడు తీసి ఆయన ముందు పరిచాను.

"కోప్పడండి మామయ్యా, పడతాను. కానీ ఒక్క మాట. ఈ పదకొండు రోజులూ ‘ఆహా, నిమ్మతోటలో నిలబడ్డట్టుంది’ అన్నది మీరే. నిమ్మా లేదు, తోటా లేదు, ఉత్త సబ్బునీళ్ళు. ముక్కుగారే కనిపెట్టలేదంటే, మరి ఆ వాసన లేకపోతే ఏం కొంప మునిగిందండీ?"

గెలిచాననుకుని తలెత్తి ఆయన మొహం చూశాను. 

చూశాక ఆ మాటని వెనక్కి తీసుకోవడానికి ఎంత ఇవ్వమన్నా ఇచ్చేదాన్ని. కొలతలో తప్పు పట్టుకున్న మనిషి మొహంలా లేదు అది. తప్పిపోయిన పిల్లాడి మొహంలా ఉంది. అప్పుడు, అంత ఆలస్యంగా, డిగ్రీ చదివిన నా బుర్రకి తట్టింది. పదకొండు రోజులపాటు ముక్కుగారు కనిపెట్టకపోవడమేమిటి? సబ్బునీళ్ళని మూడో ఇంటి పిల్లి కూడా కనిపెడుతుంది.

"మామయ్యా..."

"తలుపు దగ్గరికి వెయ్యి," అన్నారు.

వేశాను. లోపలి గదిలోంచి అత్తయ్య కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"రెండేళ్ళు దాటిందనుకుంటా," అన్నారు, బకెట్‌తో మాట్లాడుతున్నట్టు. "ఆ చలికాలం నాకు పెద్ద జలుబు చేసింది, గుర్తుందా? అది పోతూ పోతూ దీన్ని కూడా పట్టుకుపోయింది. వారంలో వస్తుందనుకున్నా. నెలలో వస్తుందనుకున్నా. మిరియాలు నూరి చూశా, అగ్గిపుల్ల గీసి చూశా. నా సాక్సులు కూడా చూశా తల్లీ. ఏమీ లేదు. అదొక్కటీ మేలే అనుకో."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపిస్తే నిజమైపోతుంది కదా."

గడప మీద కూలబడ్డాను.

"మరి అన్నం తినేటప్పుడు?"

"ఉప్పూ కారం పులుపూ తీపీ నాలిక్కి తెలుస్తాయి. మిగతాది మీ అత్తయ్య మొహం చూసి చెప్తా. ఆవిడ మెచ్చుకున్నట్టుంటే నేనూ మెచ్చుకుంటా."

"అంటే రెండేళ్ళుగా మీరు నా వంటని పొగిడిందంతా..."

"అదొక్కటీ మనస్ఫూర్తిగానే పొగిడానమ్మా," అన్నారు తొందరగా. అంత బాధలోనూ కోడలి వంట దగ్గర అబద్ధం ఆడాలన్న ఇంగితం పోనివ్వలేదు. మా మామయ్య అలాంటి మనిషి.

"నిమ్మ అని సీసా మీద చదివితే నిమ్మవాసన వస్తుంది," అన్నారు. "ముక్కులోకి కాదు, ఇక్కడికి." కణత మీద వేలు పెట్టి చూపించారు. "ముప్ఫై నాలుగేళ్ళ సరుకు ఉంది కదా లోపల. దాంతోనే లాక్కొస్తున్నా. కానీ పొద్దున బకెట్ దగ్గర మాత్రం భయం వేసేది. ఒక మూత పోస్తే ఏమీ తెలిసేది కాదు. సరిపోలేదేమోనని రెండు పోసేవాణ్ణి. తర్వాత మూడు. నాలుగు పోస్తే కళ్ళల్లో కొంచెం మంట వస్తుంది. హమ్మయ్య, ఉంది అనుకునేవాణ్ణి. ఈ పదకొండు రోజులూ ఆ మంట కూడా రాకపోతే, కళ్ళకీ అలవాటైపోయిందనుకున్నా."

ఆయన చూపు బకెట్ అంచు మీద, సరిగ్గా రోజూ అత్తయ్య చెయ్యి ఆనే చోట, నిలబడిపోయింది.

"డాక్టరమ్మ ఆ రోజు ఏమంది? సరిగ్గా చెప్పు."

"ఘాటు ఎక్కువైంది, రోజూ ఎంత వాడుతున్నారు అనడిగిందండి."

"మీ అత్తయ్య ఏం చెప్పింది?"

"సీసా మీద ఉన్నంతే, ఒక మూత అని."

"ఒక మూత," అన్నారు మామయ్య. "దానికి తెలీదు పాపం. ఒక మూతే అనుకుంది. నేను నాలుగు పోసి, ఇదిగో తుడుచుకోవే అని బకెట్ ముందుకి తోసేవాణ్ణి. రెండేళ్ళు తోశాను."

నేను ఆయన చేతిలోంచి సీసా తీసుకున్నాను. పడేస్తారని కాదు. అంత గట్టిగా పట్టుకుంటే ఆయన వేళ్ళు నొప్పి పెడతాయని.

"తగ్గిపోయాయండీ. తొమ్మిదో రోజుకే తగ్గిపోయాయి. మిషను చప్పుడు వినబడటం లేదా?"

"వినబడుతోంది," అన్నారు. "అమ్మాయ్, నువ్వు చేసింది దొంగపనే. కానీ మంచి దొంగపని. ఆ ముద్ద కరగడానికి ఏం చెయ్యాలి?"

"కొంచెం వేణ్ణీళ్ళు పోస్తే చాలండి."

"పొయ్యి. ఇవాళ్టినుంచి కొలత నీది." ఆ మాట అని, వెంటనే చెయ్యి అడ్డం పెట్టారు. "కానీ ఇది బయటికి పోకూడదు. మీ అత్తయ్యకి నేనే చెప్పుకుంటా. ఫ్యాక్టరీకి కూడా నేనే చెప్పుకుంటా. సోమవారం అందరి ముందూ నిలబడి, అయ్యా, ముక్కు పోయింది, ఇకనుంచి వేరేవాళ్ళని చూసుకోండి అని. నాకీ రెండు రోజులు ఇవ్వు. రెండు రోజులు ముక్కుగారుగా ఉండనీ."

ఇస్తానన్నాను. మా ఆయన దగ్గర నేను దాచిన రహస్యాలు ఇంతకుముందు మూడున్నాయి, రెండు బిస్కెట్ల గురించి, ఒకటి విరిగిన సబ్బు గురించి. ఇది నాలుగోది. బరువుగానే ఉంది.

వేణ్ణీళ్ళ కోసం లేచానో లేదో, వీధితలుపు గంట మోగింది.

తీస్తే ఎదురుగా ఫ్యాక్టరీ కెమిస్టు అమ్మాయి. మామయ్య దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుంది. ఇప్పుడు ల్యాబంతా తనే చూసుకుంటుంది. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. సంచీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా, సార్ ఉన్నారా? సోమవారం దాకా ఆగలేకపోయాను."

నేను ‘లేరు’ అనడానికి నోరు తెరిచాను. "ఎవరూ, మన అమ్మాయేనా?" అంటూ మామయ్య బాల్కనీలోంచి వచ్చేశారు. చొక్కా చేతులు దించుకున్నారు. నడక కూడా మారిపోయింది. ఇంతకుముందు బకెట్ దగ్గర చూసిన మనిషి కాదు. ముక్కుగారే.

మిషను ఆగింది. అత్తయ్య గదిలోంచి తొంగిచూసి, "వచ్చావా తల్లీ, చిక్కిపోయావే. కూర్చో, మంచినీళ్ళు తెస్తా," అని వంటింట్లోకి వెళ్ళింది.

కెమిస్టు అమ్మాయి భోజనాల బల్ల మీద మూడు సీసాలు వరసగా పెట్టింది. మూడింటికీ ఒకే రంగు, ఒకే ఆకారం. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని మాత్రం రాసుంది.

"మూడూ మొక్కల నూనెలేనండి సార్. వాసన కోసం ఏమీ కలపలేదు. కానీ ఒకదాంట్లో నూనె పాడైందని నా అనుమానం. మేనేజరు ముక్కు చిట్లించి చూసి, నీ భ్రమ అంటున్నాడు. అందరి ముందూ నవ్వాడు కూడా. ఏ సీసానో నేను చెప్పనండి. మీరే చెప్పాలి. మీరూ దాన్నే పట్టుకుంటే సోమవారం నేను గట్టిగా నిలబడతాను. లేదంటే నోరు మూసుకుంటాను. వాళ్ళు దాన్నే నింపేసి బజార్లోకి పంపేస్తారు."

"నీకు భ్రమేంటి? నా దగ్గర నేర్చుకున్నదానివి," అన్నారు మామయ్య. అంటూ ఒక్కసారి నావైపు చూశారు. రెండు రోజులు అడిగిన మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకలేదు.

"సోమవారం చూద్దాంలెండి మామయ్యా," అన్నాను. "మీకు పొద్దుటినుంచీ ఒంట్లో బాగోలేదు కదా."

"అయ్యో, ఏమైంది సార్?"

"ఏం కాలేదు. మా కోడలికి నేనంటే భయం, అందుకని నాకేదో ఒకటి అంటగడుతుంది. కానివ్వు."

ఆ అమ్మాయి మూడు సీసాల మూతలూ తీసి పక్కన పెట్టింది. సంచీలోంచి, వాసన చూడటానికి వాడే సన్నటి కాగితం ముక్కల కట్ట తీసి, పై ముక్కని రెండు వేళ్ళతో అందించింది. మామయ్య అందుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ముక్కు కింద మూడుసార్లు మెల్లగా ఆడించారు. మా పెళ్ళైన కొత్తలో ఆ మూడు ఊపులు చూసి నేను భయపడేదాన్ని, భక్తి కూడా పుట్టేది. ఇవాళ గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఊ," అన్నారు. "శుభ్రంగా ఉంది. నూనె మంచిదే. చివర్లో కాస్త పచ్చి ఆకు తగులుతోంది, అదీ బాగానే ఉంది. దీనికేం పరవాలేదు. రెండోది ఇవ్వు."

ఆ అమ్మాయి రెండోది ఇవ్వలేదు. చేతిలో కట్ట అలాగే ఉంది.

"సార్, అది ఉత్త కాగితమండి."

మామయ్య కళ్ళు తెరిచారు.

"ఇంకా దేంట్లోనూ ముంచలేదు. మొదట ఉత్త కాగితం చూసుకోవాలి, కాగితానికే వాసన అంటుకుని ఉంటే మనం మోసపోతాం అని మీరే కదండీ నేర్పారు? మొదటి రోజు నేర్పిన పాఠం. నేనిప్పటికీ..." ఆమె గొంతు చిన్నదైపోయింది. కోపం లేదు అందులో. ఆయన చేతిలోని తెల్లకాగితాన్ని చూసింది, ఆయన్ని చూసింది. "ఎన్నాళ్ళ నుంచండి సార్?"

మామయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆమె నావైపు తిరిగింది. నేను ఒట్టేసినంత పని చేసి ఇంకా నీళ్ళు పొయ్యి మీద కూడా పెట్టలేదు. నేల చూశాను.

"రెండేళ్ళ నాలుగు నెలలు."

అత్తయ్య వంటింటి గుమ్మంలో ఉంది, గ్లాసుల ట్రేతో. ముగ్గురం ఒకేసారి తలలు తిప్పాం. చల్లని నీళ్ళు తీసుకోండి అన్నంత మామూలుగా అంది ఆ మాట.

"నీకు తెలుసా?" అన్నారు మామయ్య. ఆయన గొంతు నాకెప్పుడూ అంత సన్నగా వినిపించలేదు.

"మీ పక్కన కూర్చుని తింటున్నదాన్ని, నాకు తెలీదా?"

మరి నాలుగు మూతలు? మరి డాక్టరమ్మకి చెప్పిన ఒక మూత? నా బుర్రలో ప్రశ్నలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అన్నిటికన్నా వెనకనుంచి, ఇబ్బందిగా దగ్గుతూ, నా ఘనకార్యం గుర్తొచ్చింది. ఈవిడకి ఇంత తెలిస్తే, నా సబ్బునీళ్ళ సంగతి పదకొండు రోజుల కింద, మొదటి పొద్దునే తెలిసి ఉండాలి.

అత్తయ్య ట్రే బల్ల మీద పెట్టింది. మామయ్య చేతిలోంచి ఆ కాగితం ముక్క తీసి, ఆయనకి మంచినీళ్ళ గ్లాసు పట్టించింది.

"ముందు తాగండి, తర్వాత బాధపడుదురుగాని," అంది. ఆ తర్వాత కెమిస్టు అమ్మాయితో, "నువ్వు ఆ మూడో సీసాకి మూత పెట్టెయ్ తల్లీ. దాంట్లో నూనె పాడైపోయింది, వంటింట్లోకి కొడుతోంది," అంది.

నేను గట్టిగా గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు.

కెమిస్టు అమ్మాయి మొహంలో రంగు మారింది. తన అనుమానమూ ఆ సీసా మీదేనన్నమాట. మూత పెట్టలేదు. కట్టలోంచి ఇంకో కాగితం తీసి, మూడో సీసాలో కాదు, దేంట్లోనూ ముంచకుండా, మొదటి రోజు పాఠం ప్రకారం ఉత్తదాన్నే, మామయ్యని దాటి అత్తయ్య ముందుకి చాచింది.